కరెంటును పారనిచ్చే ప్లాస్టిక్కులు

మొన్న ఉగాది భోజనాల దగ్గర నా పక్క కుర్చీలో ఒక బ్యాంకు ఉద్యోగి కూర్చున్నారు. దుబాయికి కొత్తగా వచ్చారట. పరిచయాలయ్యాక "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగారు. "ప్లాస్టిక్కుల పని అండీ. కరెంటు పారే ప్లాస్టిక్కు తయారీ" అన్నాను. ఆయన చేతిలోని బొబ్బట్టు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. "అదేమిటండీ, వైరు మీద ప్లాస్టిక్కు వేసేదే కరెంటు పారకుండా ఉండడానికి కదా!" అన్నారు. నిజమే మరి. ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఈ వ్యాసం.

నేను వృత్తి రీత్యా పాలిమర్ ఇంజనీరును. 2003లో ఎమిరేట్స్‌కు వచ్చాను. అప్పటి నుంచి ఎక్కువ కాలం నల్లటి ప్లాస్టిక్కు గింజల మధ్యనే గడిచింది. మన సంఘంలో సాఫ్ట్‌వేరు వారు, డాక్టర్లు, అకౌంటెంట్లు ఎక్కువ కాబట్టి సమీకరణాల జోలికి పోకుండా, అసలు సంగతి మాత్రం తగ్గకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ప్లాస్టిక్కు కరెంటును ఎందుకు ఆపుతుంది?

సంక్రాంతికి ఊరెళ్ళే బస్సును గుర్తు చేసుకోండి. సీట్లన్నీ నిండాయి, నిలబడ్డానికి కూడా చోటు లేదు. ఎవరూ అంగుళం కదలలేరు. పాలిథీన్‌లో ఎలక్ట్రాన్ల పరిస్థితి ఇదే. ప్రతి ఎలక్ట్రానూ రెండు పరమాణువుల మధ్య బంధంలో ఇరుక్కుని ఉంటుంది. కదిలే వీలు లేదు కాబట్టి కరెంటు పారదు. రాగి తీగలో అలా కాదు. అక్కడ ఎలక్ట్రాన్లు ఎగ్జిబిషన్ మైదానంలో జనంలాగా స్వేచ్ఛగా తిరుగుతాయి.

కొన్ని పాలిమర్లలో మాత్రం కార్బన్ గొలుసు పొడవునా ఏకబంధం, ద్విబంధం, మళ్ళీ ఏకబంధం, ద్విబంధం ఇలా వరసగా వస్తాయి. ఇక్కడ ద్విబంధంలోని రెండో జత ఎలక్ట్రాన్లకు పట్టు కొంచెం వదులు. అయినా బస్సు నిండుగానే ఉంది కాబట్టి అవీ కదలవు. ఇప్పుడు అయొడిన్ లాంటి పదార్థంతో గొలుసు నుంచి అక్కడక్కడ ఒక ఎలక్ట్రాన్‌ను లాగేశామనుకోండి. బస్సులో ఒకరు దిగినట్టే! ఆ ఖాళీలోకి పక్కవారు జరుగుతారు, వారి ఖాళీలోకి మరొకరు. కదలిక మొదలవుతుంది. దీన్నే డోపింగ్ అంటారు. ఆటగాళ్ళ డోపింగుకూ దీనికీ పేరు తప్ప వేరే చుట్టరికం లేదు.

వెయ్యి రెట్ల పొరపాటు

ఈ విద్య ఒక పొరపాటుతో మొదలైంది. 1967లో టోక్యోలో హిదెకి షిరకావా ప్రయోగశాలలో ఒక అతిథి పరిశోధకుడు ఎసిటిలీన్ వాయువు నుంచి పాలిఎసిటిలీన్ చేస్తూ, వేయవలసిన ఉత్ప్రేరకానికి వెయ్యి రెట్లు వేశాడు. ఎప్పుడూ వచ్చే నల్లటి పొడికి బదులు పాత్ర గోడల మీద మెరిసే పలుచటి పొర కట్టింది. షిరకావా దాన్ని పారబోయలేదు. ఎందుకలా వచ్చిందో ఓపికగా తెలుసుకున్నాడు.

తర్వాత కొన్నేళ్ళకు అమెరికా నుంచి వచ్చిన ఆలన్ మెక్‌డయర్మిడ్ ఆ పొర గురించి విని, షిరకావాను పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి పిలిచాడు. అక్కడ భౌతిక శాస్త్రవేత్త ఆలన్ హీగర్ కూడా తోడయ్యాడు. 1976లో ఆ పొరకు అయొడిన్ ఆవిరి తగిలించి చూస్తే దాని వాహకత ఏకంగా కోటి రెట్లు పెరిగింది! 1977లో ఫలితాలు ప్రచురించారు. 2000లో ఈ ముగ్గురికీ కలిపి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే పాలిఎసిటిలీన్ గాలి తగిలితే పాడైపోతుంది. అందుకని పరిశ్రమ వేరే పాలిమర్ల వైపు చూసింది. వాటిలో ముఖ్యమైనవి పాలియనిలిన్, పాలిపిరోల్, పెడాట్.

పాలియనిలిన్ వంటకం

వీటిలో చవకగా, తేలికగా తయారయ్యేది పాలియనిలిన్. మన హైదరాబాదు తార్నాకలోని ఐ.ఐ.సి.టి.లో కూడా దీని మీద చాలా పరిశోధన జరిగింది. పద్ధతి స్థూలంగా ఇదీ. అనిలిన్ అనే ద్రవాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో కరిగిస్తారు. పాత్రను ఐసులో పెట్టి 0 నుంచి 5 డిగ్రీల మధ్య ఉంచుతారు. అందులో అమ్మోనియం పర్‌సల్ఫేట్ ద్రావణాన్ని కొద్ది కొద్దిగా పోస్తూ కలుపుతారు. కొంతసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత నీలి ఛాయ వస్తుంది, చూస్తుండగానే చిక్కటి ఆకుపచ్చ పొడిగా మారుతుంది. వడకట్టి, కడిగి, ఆరబెడితే వాహక పాలిమర్ చేతికొస్తుంది.

ఇక్కడ తొందర పనికిరాదు. ఈ చర్యలో వేడి పుడుతుంది. పర్‌సల్ఫేట్ ఒక్కసారిగా గుమ్మరిస్తే పాత్ర వేడెక్కి, గొలుసులు పొట్టిగా, వంకరగా తయారవుతాయి. పైగా అనిలిన్ విషం. చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. కాబట్టి ఇది వంటింటి ప్రయోగం కాదని పిల్లలకు గట్టిగా చెప్పాలి.

ఆకుపచ్చ పొడిని అమోనియా నీళ్ళతో కడిగితే ఆమ్లం పోయి నీలం రంగుకు తిరుగుతుంది. దాంతో పాటు వాహకత కూడా సుమారు వెయ్యి కోట్ల రెట్లు పడిపోతుంది. మళ్ళీ ఆమ్లంలో ముంచితే మళ్ళీ ఆకుపచ్చ, మళ్ళీ కరెంటు. ఈ గుణాన్ని పట్టుకునే అమోనియా వాయువును పసిగట్టే సెన్సర్లు చేస్తారు.

తయారు చేయడం కాదు, మలచడమే కష్టం

పొడి చేతికొచ్చింది, మరి దాంతో వస్తువు చేయడం ఎలా? మామూలు ప్లాస్టిక్కును కరిగించి, అచ్చులో పోసి మలుస్తాం. పాలియనిలిన్ కరగదు. వేడి చేస్తే కరిగే లోపలే మాడిపోతుంది. మామూలు ద్రావకాల్లో కూడా కలవదు. బంగారంలాంటి పిండి ఉంది కానీ ముద్ద కాదు, అట్టు రాదు అన్నట్టు!

దీనికి 1990ల మొదట్లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో హీగర్ బృందం ఒక ఉపాయం చెప్పింది. హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి బదులు పెద్ద తోక ఉన్న ఆమ్లాలతో డోపింగ్ చేయడం. అందులో ఒకటి బట్టల సబ్బుపొడి తయారీలో వాడే డి.బి.ఎస్.ఎ., రెండోది కర్పూరం నుంచి వచ్చే సల్ఫోనిక్ ఆమ్లం. ఆ తోక పాలియనిలిన్‌కూ మామూలు ప్లాస్టిక్కుకూ మధ్యవర్తిలా పనిచేస్తుంది. అప్పుడు పాలియనిలిన్ కొన్ని ద్రావకాల్లో కరుగుతుంది, పాలిథీన్ లాంటి వాటిలోకి కలుస్తుంది. ద్రావణంలో జాగ్రత్తగా కలిపిన మిశ్రమాల్లో నూటికి ఒక పాలు పాలియనిలిన్ ఉన్నా కరెంటు పారిన సందర్భాలున్నాయి.

కానీ ఫ్యాక్టరీ నేల మీద కథ వేరు. 200 డిగ్రీలు దాటితే డోపింగ్ చెడడం మొదలవుతుంది. కాబట్టి 250 డిగ్రీల దగ్గర కరిగే నైలాన్ల లాంటి వాటితో దీన్ని కలపడం కష్టం. ఎక్కువైన ఆమ్లం ఎక్స్‌ట్రూడర్ బారెల్ ఉక్కును తింటుంది. క్షారం తగిలితే వాహకత పోతుంది. అందువల్ల ఈ రకం పాలిమర్లు ఎక్కువగా పలుచటి పూతలకే స్థిరపడ్డాయి. పెడాట్‌ను పి.ఎస్.ఎస్. అనే మరో పాలిమర్‌తో కలిపి నీటిలో సిరాలాగా చేస్తారు. ఫోటో ఫిల్ముల మీద స్టాటిక్ చేరకుండా వేసే పూతకూ, కెపాసిటర్లకూ, కొన్ని రకాల ఓ.ఎల్.ఇ.డి. తెరలకూ అది పనికొచ్చింది.

మసి మహిమ

టన్నుల లెక్కన కావలసిన చోట పరిశ్రమ నమ్ముకున్నది మాత్రం మసిని! మన అమ్మమ్మలు దీపం మీద పళ్ళెం బోర్లించి కాటుక పట్టేవారు కదా, దానికి పెద్దన్న కార్బన్ బ్లాక్. మామూలు ప్లాస్టిక్కులో దీన్ని కలిపితే ప్లాస్టిక్కు ప్లాస్టిక్కుగానే ఉంటుంది, కరెంటు మసి గింజల దారి పట్టుకుని పోతుంది.

పంట కాలువ దాటడానికి రాళ్ళు వేశారనుకోండి. నాలుగు రాళ్ళు ఎక్కడో పడితే దాటలేం. ఇంకో నాలుగు వేసినా దాటలేం. ఒక దశలో ఒక్క రాయి పడగానే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దారి పూర్తవుతుంది. వాహకత కూడా అంతే. మసి పాళ్ళు పెంచుతూ పోతే చాలాసేపు మార్పు ఉండదు. ఒక గడప దాటగానే హఠాత్తుగా లక్షల రెట్లు పెరుగుతుంది. దీన్ని పెర్కొలేషన్ గడప అంటారు. సుమారుగా చెప్పాలంటే సాధారణ వాహక మసి బరువులో 15 నుంచి 25 శాతం కావాలి. కొమ్మలు కొమ్మలుగా ఉండే ఖరీదైన రకమైతే 5 నుంచి 10 శాతం చాలు. కార్బన్ నానోట్యూబులైతే 1 నుంచి 5 శాతం సరిపోతుంది.

మసి ఎక్కువైతే ప్లాస్టిక్కు పెళుసెక్కుతుంది, చిక్కబడి అచ్చులోకి సరిగ్గా పారదు. కాబట్టి తక్కువ మసితో గడప దాటించడమే మా వృత్తి రహస్యం. దానికి ఒక మంచి కిటుకు ఉంది. ఒకదానిలో ఒకటి కలవని రెండు ప్లాస్టిక్కులను, ఉదాహరణకు పాలిథీన్, పాలిప్రొపిలీన్, కలిపి కరిగిస్తే అవి అల్లిబిల్లిగా పెనవేసుకుంటాయి. మసికి వీటిలో ఒకటంటేనే ఇష్టం. అంతా అందులోనే చేరుతుంది. ఆ ప్లాస్టిక్కు పొడవునా ఒకే దారిగా ఉంటే చాలు, సగం మసితోనే పని జరుగుతుంది. వాహక మిశ్రమాల్లో నాకు అన్నిటికంటె అందంగా కనిపించేది ఇదే.

కలపడం కూడా ఒక కళే. పులిహోర కలిపినట్టు ఉండాలి. మొరటుగా కలిపితే మెతుకు చిదురుతుంది, పైపైన కలిపితే చింతపండు గుజ్జు ఉండలు మిగులుతాయి. ఎక్స్‌ట్రూడర్‌లో మరీ నలిపితే మసి కొమ్మలు విరిగి వాహకత పడిపోతుంది. తక్కువ నలిపితే ఉండలు. అందుకే రెండు స్క్రూల ఎక్స్‌ట్రూడర్‌లో ముందు ప్లాస్టిక్కును కరిగించి, మసిని మధ్యలో పక్క నుంచి అందిస్తాం. అచ్చు పోసేటప్పుడు మరీ వేగంగా నెట్టితే పైపొరలో మసి పలచబడి, లోపల కరెంటు పారినా ఉపరితలం మీద పారదు. అచ్చు కొంచెం వేడిగా ఉంచి, వేగం తగ్గిస్తే ఈ తంటా చాలావరకు తీరుతుంది.

ఎమిరేట్స్‌లో దీని చోటు

అబూధాబీ నగరం నుంచి పడమరగా సుమారు 240 కిలోమీటర్లు పోతే రువైస్ వస్తుంది. అడ్నాక్, యూరప్‌కు చెందిన బోరియాలిస్ కలిసి 1998లో స్థాపించిన బోరూజ్ అక్కడ 2001లో పాలిథీన్ ఉత్పత్తి మొదలుపెట్టింది. ఎడారి గ్యాసు ప్లాస్టిక్కు గింజగా మారేది అక్కడే. తీగలు, కేబుళ్ళ కోసం కూడా వారు ప్రత్యేక రకాలు చేస్తారు. ఇటు జెబెల్ అలీలో 1979లో పుట్టిన డ్యూకాబ్ కేబుళ్ళు చేస్తుంది. మన ఇంటి ఏసీ తిరగడానికి ఇసుక కింద కరెంటు మోసుకొచ్చే కేబుళ్ళలో ఈ వాహక ప్లాస్టిక్కు దాగి ఉంటుంది. ఎందుకో చూద్దాం.

11 కిలోవోల్టుల కేబుల్ అడ్డంగా కోస్తే మధ్యలో రాగి లేదా అల్యూమినియం తీగల కట్ట, దాని మీద పలుచటి నల్లపొర, ఆ పైన మందంగా తెల్లటి ఎక్స్.ఎల్.పి.ఇ. ఇన్సులేషన్, మళ్ళీ దాని మీద ఇంకో నల్లపొర కనిపిస్తాయి. ఆ నల్లపొరలే అర్ధవాహక ప్లాస్టిక్కు. ఇథిలీన్ కోపాలిమర్‌లో 30 నుంచి 40 శాతం దాకా మసి కలిపి చేస్తారు. తీగల కట్ట పైభాగం ఎగుడుదిగుడుగా ఉంటుంది. తీగకూ ఇన్సులేషన్‌కూ మధ్య గాలి సందులుంటాయి. ఎక్కువ వోల్టేజీ దగ్గర ఆ మిట్టల మీద విద్యుత్ ఒత్తిడి కేంద్రీకరించి, సందుల్లో కంటికి కనిపించని చిన్న చిన్న మెరుపులు పుడతాయి. వీటిని పార్షియల్ డిశ్చార్జి అంటారు. చెదపురుగుల్లాగా అవి నెమ్మదిగా ఇన్సులేషన్‌ను తినేస్తాయి. నల్లపొర ఆ ఎగుడుదిగుళ్ళను కప్పి నున్నటి తలం ఇస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం దీని నిరోధకత లోపలి పొరకు 1000, బయటి పొరకు 500 ఓమ్ మీటర్లు మించకూడదు. కేబుల్ వేడెక్కినప్పుడు ప్లాస్టిక్కు వ్యాకోచించి మసి గింజలు దూరమవుతాయి, నిరోధకత పెరుగుతుంది. తీగ 90 డిగ్రీల దాకా వేడెక్కడానికి అనుమతి ఉంది కాబట్టి ఆ వేడిలో కూడా ఈ పరిమితి దాటకూడదు. గల్ఫ్ ఎండలో ఇది ఊరికే కాగితం మీది నియమం కాదు.

మూడు పొరలనూ ఒకే తలలోంచి ఒకేసారి తీస్తారు. తర్వాత నైట్రోజన్ నింపిన పొడవాటి వేడి గొట్టంలో పంపి గొలుసులకు ముడులు వేస్తారు.

ఆగస్టు చెమ్మ

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. చెప్పుకోవడానికి గొప్పదేమీ కాదు. 2006 ఆగస్టు. నేను అప్పుడు ఒక చిన్న కేబుల్ ఫ్యాక్టరీలో ప్రాసెస్ ఇంజనీరును. వరుసగా మూడు డ్రమ్ముల కేబుల్ పార్షియల్ డిశ్చార్జి పరీక్షలో పోయింది. ముక్క కోసి మైక్రోస్కోపు కింద పెడితే నల్లపొరకూ తెల్లపొరకూ మధ్య సూది మొన అంత గుంటలు కనిపించాయి. మూడూ రాత్రి షిఫ్టులోవే. ఆ షిఫ్టు ఆపరేటరు కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కుర్రాడు. ఉష్ణోగ్రతలు సరిగ్గా చూడలేదని, ఆపరేటరు పొరపాటని రిపోర్టు రాసి సంతకం పెట్టాను. అతనికి వార్నింగ్ లెటర్ వచ్చింది, ఓవర్‌టైము ఆగింది. కాంట్రాక్టు రెన్యువల్ మూడు నెలల్లో ఉంది.

రెండు వారాల తర్వాత అతనే నా దగ్గరికి వచ్చాడు. "సార్, మిషిన్ల నేనేం మార్చలే. ఒక్కపారి రాత్రికి వచ్చి హాపర్ల చెయ్యి వెట్టి చూడున్రి, చెమ్మ తగుల్తది" అన్నాడు. మొహమాటానికి వెళ్ళాను. చెయ్యి పెట్టాను. గింజలు చల్లగా, తడిగా ఉన్నాయి.

సంగతి ఏమిటంటే, మసి తేమను పీల్చుకుంటుందని పుస్తకంలో చదివి, అర్ధవాహక గింజల సంచులను ఏసీ గదిలో పెట్టించింది నేనే. రాత్రి షిఫ్టు వారు ఆ చల్లటి సంచిని తెచ్చి వెంటనే కోసి హాపర్లో పోస్తున్నారు. ఆగస్టు రాత్రి సముద్రపు గాలిలో తేమ ఎంత ఉంటుందో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. ఏసీ కారు దిగగానే కళ్ళద్దాలు మసకబారినట్టు, చల్లటి గింజల మీద నీరు పట్టేది. పగటి షిఫ్టు వారు ఉదయం తెచ్చి పెట్టుకున్న సంచులు వాడే వేళకు వేడెక్కేవి కాబట్టి వారికి ఆ బాధ లేదు. ఎక్స్‌ట్రూడర్‌లో ఆ నీరు ఆవిరై గుంటలు పెట్టింది.

మర్నాడు రెండు సంచుల మీద పరీక్ష చేసి చూపించాను. మొదటి రిపోర్టు వెనక్కి తీసుకుని, తప్పు నిల్వ పద్ధతిదని, ఆ పద్ధతి పెట్టింది నేనని రెండో రిపోర్టు రాశాను. మేనేజరు ముందు నిలబడ్డ ఆ పది నిమిషాలు బాగా గుర్తున్నాయి. లెటరు తీసేశారు, రెన్యువల్ అయింది. ఆ రెండు వారాల ఓవర్‌టైము మాత్రం అతనికి రాలేదు. అప్పటి నుంచి లోపానికి కారణం రాసే గడిలో మనిషి పేరు పెట్టే ముందు యంత్రాన్ని, ముడిసరుకును, గాలిని మూడింటినీ కొలుస్తాను.

ఇక్కడ ఈ పనిలో ఉన్నవారికి రెండు మాటలు. సంచిని మూత విప్పకుండా ఒక రోజు షాపు నేల మీద ఉంచి, గింజలు బయటి వేడికి వచ్చాకే కోయండి. తర్వాత పొడి వేడిగాలి హాపర్‌లో సుమారు 60 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టండి. అంతకు బాగా మించి వేడి చేస్తే గొలుసులకు ముడులు వేసే పెరాక్సైడు ముందే ఖర్చవుతుంది.

ఇంకా ఎక్కడెక్కడ?

వేడెక్కితే నిరోధం పెరిగే గుణాన్నే వరంగా మార్చుకున్న వస్తువులున్నాయి. రిఫైనరీలలో పైపులు గడ్డకట్టకుండా చుట్టే స్వయం నియంత్రిత హీటింగ్ కేబుల్ ఒకటి. చల్లబడితే ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, వేడెక్కితే తనంతట తనే తగ్గించుకుంటుంది. బ్యాటరీ ప్యాకుల్లో తనంతట తిరిగి కోలుకునే పాలిమర్ ఫ్యూజులు కూడా ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. ఎలక్ట్రానిక్ చిప్పులు పెట్టే నల్లటి ట్రేలు, పేలుడు ప్రమాదం ఉన్న చోట పొడులు నింపే పెద్ద సంచుల్లో నేసే వాహక దారాలు ఇంకొన్ని. ఆ సంచులకు ఎర్తు క్లిప్పు తగిలించకుండా పొడి నింపితే దారాలున్నా ప్రయోజనం లేదు. స్టాటిక్ పోవడానికి దారి ఉండాలి.

మన పిల్లల్లో ఎవరికైనా ఇటు ఆసక్తి ఉంటే కెమికల్ ఇంజనీరింగ్, పాలిమర్ కోర్సులు ఒక దారి. హైదరాబాదు, విజయవాడలలో సీపెట్ కేంద్రాలున్నాయి. యంత్రం పక్కన నిలబడి నేర్చుకోవడానికి అవి మంచి చోటు.

అన్నట్టు, ఆ బ్యాంకు ఉద్యోగి ప్రశ్నకు జవాబు. వైరు మీద ప్లాస్టిక్కు వేసేది కరెంటు పారకుండా ఉండడానికే. అయితే ఆ ఆపే ప్లాస్టిక్కు ముప్ఫై, నలభై ఏళ్ళు నిలబడాలంటే లోపలా బయటా కొంచెం పారనిచ్చే ప్లాస్టిక్కు దానికి తోడుండాలి. వచ్చే ఉగాదికి ఆయన బొబ్బట్టు ఆపకుండా తినవచ్చు.